మంగాయమ్మ వదిన చూసిన ముఖం

మల్లెపూల వాసన తగిలితే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తొస్తుందంటారు. నాకు పాలు గుర్తొస్తాయి. తాగేవాళ్ళు లేక రొమ్ములో గడ్డకట్టుకుపోయిన పాలు. ఈ వేసవిలో మా దడి మీద మల్లెతీగ ఆకు కనపడకుండా పూసింది. సాయంత్రం చల్లగాలి తిరిగేసరికి ఆ వాసన పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చేస్తుంది. తీగ మాది కాదు. వేరు పక్కింట్లో ఉంది, పూత మా వైపు వాలింది. ఆ పక్కిల్లు మంగాయమ్మ వదినది. వదిన మాఘమాసంలో పోయింది. ఇంటికి తాళం వేసి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు ఊరికే పారబొయ్యడం ఎందుకని నేనే దడి మీంచి తీగ మొదట్లోకి ఒంపుతున్నాను. అలా తీగ బతికింది. వదిన పిల్లి కూడా అలాగే నా పాలబడింది.

తెలుపూ నలుపూ పసుపూ కలిసిన మూడురంగుల పిల్లి అది. వదిన దాన్ని ‘అమ్మడూ’ అని పిలిచేది. నేను ‘ఇదుగో’ అంటాను. వదినకి ఒక్కతే కూతురు, దుర్గ. మొగుడు పోయిన తరవాత మస్కట్ వెళ్ళి అక్కడ ఒకరింట్లో పనిచేసుకుంటోంది. తల్లి పోయిన రోజున ఆ యజమానులు ఇంటిల్లిపాదీ ఎక్కడికో ప్రయాణమై దుర్గని కూడా వెంటబెట్టుకెళ్ళేరట. ఫోను పలకలేదు. ఆ సాయంత్రం దాకా చూసేం, మర్నాడు ఎండెక్కేదాకా చూసేం. ఇంక ఉంచకూడదని పెద్దలన్నారు. వదిన మరిది కొడుకు తలకొరివి పెట్టేడు. ఎవరో ఫోనెత్తి ఫోటో తియ్యబోతే, “పోయిన మనిషికి ఫోటోలేంటి, లోపల పెట్టు” అని కసిరింది నేనే. మా ఇళ్ళల్లో తియ్యరు. దుర్గ ఫోను చేసేసరికి అస్థికలు కూడా గోదాట్లో కలిసిపోయేయి.

ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల అడిగింది ఒక్కటే. “రత్నమత్తా, అమ్మ పిల్లి ఎక్కడుంది?”

“మీ గుమ్మం ముందే పడుకునుంది.”

“నేను సెలవు మీద వచ్చేదాకా దాన్ని నీ దగ్గర ఉంచుకో అత్తా. చచ్చిపోనివ్వకు.”

“పిల్లి ఇంటిని పట్టుకుంటుంది గానీ మనిషిని పట్టుకోదే. అది నా మాట వింటుందా?”

“అమ్మ మాట మాత్రం ఎప్పుడు విందిలే!”

ఆ ఏడుపులోనే ఇద్దరం కాస్త నవ్వేం. అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తుంది, అక్కడ ఆ రోజు కాస్త తీరిక. పిల్లి తిందా, పిల్లి పడుకుందా, దాని కంటి పుసి తగ్గిందా అని అడుగుతుంది. తల్లి మాట ఎత్తదు. ఒకసారి మా చేపలావిడ గుమ్మంలో గంప దించుకుని వింటూ, “తల్లిపోయిన పిల్ల తల్లిని అడగదేంటండీ, పిల్లిని అడుగుద్ది!” అంది. “నీ చేపలు నువ్వు తూచుకో” అన్నాను గానీ, నా మనసులో కూడా ఆ మాట ఉంది. ఆ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు. అడగంది చెప్పే అలవాటు నాకు లేదు.

పిల్లి కడుపుతో ఉందని ముందు కనిపెట్టింది మా కోడలు పద్మ. నేను అది ఒళ్ళు చేసిందనే అనుకున్నాను.

“అత్తయ్యగారూ, మీ పెంపుడుకూతురు నీళ్ళోసుకుందండి, చూసేరా?”

“పెంపుడుకూతురేంటి, నోరు మూసుకో.”

“శ్రీమంతం చేద్దామాండీ? గాజులు తెప్పిస్తాను.”

“కొత్తవెందుకు, నీ చేతివి తీసియ్యి. దానికి సరిపోతాయి.”

పద్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ముసలి పిల్లి. పక్కటెముకలు కనిపిస్తున్నాయి, కింద కడుపు మాత్రం వేలాడుతోంది. దీనికేమైనా అయితే శుక్రవారంనాడు ఆ పిల్లకి ఏం చెప్పను? మస్కట్లో ఉన్నదానికి ఈ ఊళ్ళో తల్లి తాలూకు ప్రాణం ఉన్నది ఇదొక్కటే. పిల్లికి వేరే వండనని మొదట్లోనే అందరికీ చెప్పేను. వండలేదు కూడా. నా ముద్దలోంచి తీసి, ఎండురొయ్య పొట్టు చల్లి, మజ్జిగ పోసి పెట్టేను. పారేసే చేప తలకాయలు చేపలావిడ చేత పక్కన పెట్టించేను. నా ముద్ద నేను ఎవరికి పెట్టుకుంటే ఎవరికేం?

రోజులు దగ్గరపడేకొద్దీ దానికి నిలకడ లేకుండా పోయింది. బియ్యపు డబ్బా వెనక దూరేది, పరుపుల మీద గోకేది, అటక ఎక్కలేక కిందనుంచి అరిచేది. నేను తాటాకు బుట్టలో పాత తువ్వాలు పరిచేను. వాసన చూసి వెళ్ళిపోయింది. గోనె వేసేను. కాలితో తోసేసింది. కన్ను మరలితే చాలు, దడి సందులోంచి దూరి వదిన ఇంటి అరుగు మీద, తాళం వేసిన తలుపుకి ఆనుకుని కూర్చునేది. ఆ అరుగు చుట్టూ ఒక గండుపిల్లి తిరుగుతోంది. అక్కడ పెడితే పిల్లల్ని ఒక్కదాన్ని కూడా మిగల్చదు. ఆటో మాట్లాడుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళేను. నా జన్మలో నేను పిల్లి కోసం ఆటో ఎక్కుతానని ఎవరైనా అంటే తిట్టేదాన్ని. అక్కడి డాక్టరమ్మ కడుపు తడిమి చూసి, “ముసలిదండీ, నీరసంగా ఉంది. అటూ ఇటూ తిరగనివ్వకండి. ఒక్కచోట ఉంచండి” అంది.

“ఉండదండీ ఇది.”

“దానికి అలవాటైన మనిషి గుడ్డ ఏదైనా ఉంటే పరవండి, ఉంటుంది.”

ఉంది. వదిన బట్టలన్నీ చాకలికి ఇచ్చేసినప్పుడు ఒక్క నేతచీర మాత్రం నేను ఉంచేసుకున్నాను. గుడ్డ గట్టిది, బొంతలోకి పనికొస్తుందని. కుట్టేటప్పుడు ఉతుకుదామని మడిచి పెట్టెలో పడేసేను. ఆ రోజు తీసి విప్పితే కొబ్బరినూనె, పొగాకు కాడ కలిసిన వాసన. వదిన పక్కన కూర్చున్నట్టే. నాలుగు మడతలు వేసి బుట్టలో పరిచేను. పిల్లి వచ్చింది. ముక్కు ఆ గుడ్డలో పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. తరవాత ముందుకాళ్ళతో ఒకటి తరవాత ఒకటి మెల్లిగా తొక్కుతూ, తొక్కుతూ, ఒరిగి పడుకుంది. నాకేదో పని ఉన్నట్టు పెరట్లోకి వచ్చేసేను. దడి మీద మల్లెమొగ్గలు విచ్చుకుంటున్నాయి.

నేను ఆలమూరు వైపు పిల్లని. వరిచేల మధ్య పుట్టేను. ఐదో తరగతితో బడి మాన్పించి, వయసు రాగానే అంబాజీపేట దగ్గర ఈ కొబ్బరితోటల్లోకి పెళ్ళిచేసి పంపించేరు. మాకు గడ్డి తెలుసు, ఊక తెలుసు, కొబ్బరి సంగతి ఏమీ తెలీదు. కాపరానికొచ్చిన కొత్తలో పొయ్యిలోకి కొబ్బరాకు ఈనె తియ్యకుండా విరిచి పెడుతుంటే దడి అవతలనుంచి కేక వినిపించింది.

“ఏవమ్మా కొత్తకోడలా! చీపుళ్ళు కాల్చుకు తింటున్నావేంటి?”

నాకు అర్థం కాలేదు. దడి సందులోంచి పొట్టిగా, నల్లగా, నోట్లో పొగాకు కాడతో ఒక మనిషి దూరి వచ్చింది. నా చేతిలోంచి ఆకు లాక్కుని, చిన్న కత్తితో ఒక్క గీత గీసి, ఈనె ఒక పక్కకి, ఆకు ఒక పక్కకి వేసింది. “ఇది చీపురికి. ఇది పొయ్యికి. మట్ట దడికి. కాయ ఒలిచిన డొక్క నీళ్ళు కాగడానికి. మా కోనసీమలో కొబ్బరిచెట్టుని పెద్దకొడుకంటారు. కొడుకు సంపాదన అలా తగలేస్తారా ఎవరైనా?” అంది. అదే మంగాయమ్మ వదిన. ఆ రోజునుంచి మధ్యాహ్నాలు ఆవిడ అరుగు మీదో, మా అరుగు మీదో ఇద్దరం ఈనెలు చీరుతూ కూర్చునేవాళ్ళం. నన్ను అందరూ పిసినారి అంటారు. అంటే అననీండి. ఏదీ ఊరికే పోనివ్వకూడదని నాకు నేర్పింది వదిన. ఆవిడ పారేసిన వస్తువు నేను చూడలేదు. ఆవిడ దాచిన మాట కూడా చూడలేదు. నోటికేదొస్తే అది అనేసేది. మా అత్తగారిని ఎదురుగానే, “మీ కూరలో ఉప్పు కాలవలో కలిసిందా ఏంటండీ?” అనేది. మా అత్తగారు చీపురు విసిరేది, వదిన దాన్ని పట్టుకుని “ఇది నేను కట్టిందేనండీ, థాంక్సండీ” అనేది.

మరుసటేడు నేను మొదటిసారి కడుపుతో ఉన్నాను. కాన్పు ఇంట్లోనే. రెండ్రోజులు నొప్పులు పడ్డాను. పుట్టిన బిడ్డ ఏడవలేదు. నాకు స్పృహ సరిగ్గా లేదు, గదిలో ఒక్కసారిగా అందరూ మాట్లాడ్డం మానేసేరని మాత్రం తెలిసింది. పురిట్లో పోయిన బిడ్డని తల్లికి చూపించరు. చూస్తే మమకారం పట్టుకుని మళ్ళీ కడుపు నిలవదంటారు. నేను కళ్ళు తెరిచేసరికి పక్కన ఏమీ లేదు. మా మామగారు, మా ఆయన గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయేరు. తోటలో ఎక్కడ పెట్టేరో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆడో మగో కూడా ఎవరూ అనలేదు. “ఏడవకు, పచ్చి ఒళ్ళు” అన్నారు. ఏడవలేదు. చూడని మనిషి కోసం ఎలా ఏడవాలో నాకు తెలీలేదు.

బిడ్డ లేదన్న సంగతి ఒంటికి తెలీదు కదా. పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళయిపోయేయి, జొరమొచ్చింది. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. వదిన తీగనుంచి మల్లెమొగ్గలు కోయించి, నలిపి, గుడ్డలో పెట్టి నా గుండెలకి బిగించి కట్టింది. మల్లెలు పాలు ఎండగడతాయి. ఆ వాసనలో, ఆ సలుపులో గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పుడు వదిన వచ్చింది. మా అత్తగారితో, “పిన్నిగారూ, మీ దూడ కట్టు తెంచుకుని ఆవు దగ్గరికి పోయిందండీ. సాయంత్రం పితకడానికి మీకేం మిగలదు” అంది. ఆవిడ పరిగెత్తింది. దూడ ఎక్కడికీ పోలేదు. వదిన నా మంచం పక్కన కూర్చుంది.

“అడగవేమే?” అంది.

“ఏం అడగాలొదినా?”

“ఎలా ఉందని.”

“చూడకపోవడమే మంచిదన్నారు.”

“చూడొద్దన్నారు. వినొద్దనలేదుగా. కడిగి గుడ్డ చుట్టింది నేనే. నేను చెప్తాను, విను.”

నేను గోడవైపే ఉన్నాను. వదిన గొంతు తగ్గించి, ఎప్పుడూ లేనిది పొగాకు కాడ కూడా నోట్లోంచి తీసేసి చెప్పింది.

“ఆడపిల్ల. నీ రంగే. నుదురు నీది, వెడల్పుగా. చెవి తమ్మెలు మీ ఆయనవి, బుగ్గకి అతుక్కుపోయి. తలనిండా జుట్టు. ఎడమచెయ్యి గుప్పిట మూసుకుని ఉంది. విప్పి చూసేను, ఏమీ లేదు. మళ్ళీ ఎలా ఉందో అలా మూసి పంపించేను.”

గోడవైపే చూస్తూ అడిగేను. “నిద్రపోతున్నట్టుందా వదినా?”

“లేదే. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? నిద్రలా లేదు. బాగా అలిసిపోయినట్టుంది.”

అప్పుడు ఏడ్చేను. మా అత్తగారు వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. వదిన నా తల తన ఒళ్ళో పెట్టుకుని, కట్టు వదులు చేసి, నా జుట్టులో చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ రోజునుంచి ఇప్పటిదాకా నేను తలలో మల్లెపూలు పెట్టలేదు. మా ఆయన ఒకట్రెండుసార్లు తెచ్చి, నా ముఖం చూసి దేవుడి పటానికి పెట్టేసేడు. ఆయనా నేనూ ఆ బిడ్డ గురించి ఒక్కమాట కూడా మాట్లాడుకోకుండానే ఆయన పోయేడు. ఆ ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. ఒక్క వదినతోనే.

తరవాత నాకు కొడుకు పుట్టేడు. వాడికి అన్నప్రాసన అయిన రోజున, అందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయేక, వదినా నేనూ గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి అడిగేను, “వదినా, ఇంకోసారి చెప్పు” అని. ఏంటని అడగలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని చెప్పింది. ఆడపిల్ల, నీ రంగే, నుదురు నీది. అవే మాటలు, అదే వరస. ఆ తరవాత ఎన్నిసార్లు అడిగేనో. ఈనెలు చీరుతూ, చింతపండు గింజ తీస్తూ. ఏనాడూ ఒక్కటి కలపలేదు, ఒక్కటి తగ్గించలేదు. “ఇంకేమైనా గుర్తొచ్చిందా?” అని ఆశగా అడిగితే, “లేనిది కల్పిస్తే అది నీ కూతురు అవదే, నా కూతురవుతుంది” అంది ఒకసారి.

ముసలితనం వచ్చేక వదినకి మతిమరుపు మొదలైంది. కూరలో రెండుసార్లు ఉప్పేసేది. మా అత్తగారు బతికుంటే ఎంత ఆనందించేదో! నన్ను ఒకోసారి చెల్లెలి పేరు పెట్టి పిలిచేది. పోయిన కార్తీకంలో అరుగు మీద కూర్చుని, పిల్లి ఒళ్ళో ఉండగా, తనే ఎత్తింది.

“ఒసే రత్నం, నేను పోతే నీకెవరు చెప్తారే?”

“నాకు వచ్చేసింది వదినా. నేనే చెప్పుకుంటాను.”

“ఏదీ, అప్పచెప్పు.”

బళ్ళో పంతులుగారి ముందు ఎక్కం చెప్పినట్టు చెప్పేను. ఆడపిల్ల, నా రంగే, నుదురు నాది, చెవి తమ్మెలు ఆయనవి, తలనిండా జుట్టు, కుడిచెయ్యి గుప్పిట...

“ఎడమ,” అంది వదిన. ఆ చూపు ఎంత చురుగ్గా ఉందో! ఉప్పు మరిచిపోయిన మనిషి చూపు కాదది. “కుడిచెయ్యి కాదే. గుప్పిట ఎడమది. మళ్ళీ చెప్పు.” మళ్ళీ చెప్పేను. “ఆయ్. ఇప్పుడు సరిపోయింది” అని పిల్లి తల నిమిరింది. ఆ తరవాత మేం దాని గురించి మాట్లాడుకోలేదు. మాఘంలో వారం రోజులు మంచం పట్టి వెళ్ళిపోయింది. ఆవిడకి స్నానం చేయిస్తున్నప్పుడు నాకు తట్టింది ఒక్కటే. నా బిడ్డ ముఖం చూసిన మనుషుల్లో ఆఖరి మనిషి పోతోంది. ఇంక ఆ ముఖం ఎవరి కంట్లోనూ లేదు. నా నోట్లో ఉన్న నాలుగు మాటల్లోనే ఉంది.

పిల్లి కన్నది ఒక శుక్రవారం మధ్యాహ్నం. పొద్దున్నే రొయ్యపొట్టు ముట్టలేదు, అప్పుడే అనుకున్నాను. కరెంటు పోయింది. పద్మ విసనకర్ర పట్టుకుని బుట్ట పక్కన కూర్చుంది, నేను గోడకి జారబడ్డాను. పిల్లి నోరు తెరిచి రొప్పుతోంది. మధ్యమధ్య నాకేసి చూసి చిన్నగా మూలుగుతోంది. “ఇక్కడే ఉన్నానే, ఎక్కడికీ పోను” అన్నాను. నేను పిల్లితో మాట్లాడ్డం పద్మ ఎప్పుడూ వినలేదు. చాలాసేపు కష్టపడింది. చివరికి మొదటి పిల్ల వచ్చింది. పొర నాకేసింది. ఆ పిల్ల కదల్లేదు. తిప్పి నాకింది. కదల్లేదు.

“అయ్యో, పోయిందండీ,” అంది పద్మ. “తీసెయ్యండి అత్తయ్యగారూ, అది చూడకముందే తీసెయ్యండి.”

నా చెయ్యి అప్పటికే గుడ్డముక్కతో ముందుకి వెళ్ళింది. అందరి చేతులూ అలాగే వెళతాయి. బుట్ట అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.

“ఉండనీ. దానిది. అది చూసుకోనీ.”

పద్మ నా వంక వింతగా చూసింది. పిల్లి నాకుతూనే ఉంది, ముఖం, చెవులు, కడుపు. నేనూ వంగి చూసేను. చూసి గుర్తుపెట్టుకున్నాను. అంతలో మళ్ళీ నొప్పులొచ్చేయి. ఇంకో రెండు పుట్టేయి. రెండూ కీచుమని అరిచి, గుడ్డిగా వెతుక్కుంటూ పొట్టకి చేరి పాలు పట్టుకున్నాయి. వాటికి పాలిస్తూనే పిల్లి మెడ చాపి పోయినదాన్ని అప్పుడప్పుడు నాకేది. ఎండ తగ్గేవేళకి దానంతటదే అటువైపు వీపు పెట్టి పడుకుంది. అప్పుడు తీసేను. వదిన చీర అంచు చిన్నముక్క చింపి, అందులో చుట్టి, మల్లెతీగ మొదట్లో పెట్టేను.

చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. పద్మ తెచ్చి ఇచ్చింది.

“రత్నమత్తా! పెట్టిందా? ఎన్ని?”

“మూడు. రెండున్నాయి.”

“అమ్మడు బాగుందా? ఆ రెండూ ఎలా ఉన్నాయి?”

“బాగున్నాయి, ఫోటోలు పద్మ పంపిస్తుంది చూసుకో. పోయినదానికి ఫోటో లేదు, దాని గురించి ముందు నేను చెప్తాను విను. పసుపురంగు. వీపు మీద నల్లమచ్చ, తోక చివర తెలుపు. ముందుకాళ్ళు రెండూ గడ్డం కిందకి ముడుచుకుంది. తల్లి దాన్ని చూసుకుంది, నాకింది. తరవాతే తీసేను.”

అటువైపు ఏసీ చప్పుడేదో వినిపిస్తోంది. ఫోను ఉందో పెట్టేసిందో అనుకున్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు.

“అడగవేమే?”

“ఏం అడగాలత్తా?” అంది దుర్గ.

“మీ అమ్మ ఎలా ఉందని.”

“చూడకపోవడమే మంచిదైంది, నవ్వు ముఖమే గుర్తుంచుకో అంటున్నారందరూ. నేనేమడగను?”

“చూడలేకపోయేవు. వినడానికేం? స్నానం చేయించింది నేనే. విను.”

పద్మ విసనకర్ర ఆపేసింది.

“ఎడమకన్ను పూర్తిగా మూతపడలేదు. వేళ్ళతో మూసేను, మళ్ళీ కాస్త తెరుచుకుంది. మీ అమ్మ కదా, ఎవరి మాట వింది గనక. నోటి పక్కన పొగాకు మరక తుడిచేను, పోలేదు. జుట్టుకి నూనె రాసి ముడేసేను. పాదాల పగుళ్ళలో మన్ను పుల్లతో తీసి కడిగేను. కుడిచెయ్యి చూపుడువేలికి ఈనె గీసుకున్న గాటు ఇంకా మానలేదు. ఆ గాటుతోనే పంపించేను.”

“నిద్రపోతున్నట్టుందా అత్తా?”

అవునంటే అయిపోను. ఆ ఒక్కమాట చాలామందికి చాలు.

“లేదమ్మా. నిద్రలా లేదు. ఏదో చెప్పబోతుంటే ఎవరో పిలిస్తే, అటు తిరిగినట్టుంది.”

దుర్గ అప్పుడు ఏడ్చింది. పిల్లి గురించి ఫోను చేసే దుర్గ కాదు, వదిన కూతురు ఏడ్చింది. ఒళ్ళో పెట్టుకోడానికి తల లేదు, ఫోనే ఉంది. దాన్ని చెవికి గట్టిగా అదిమి పెట్టుకుని, ఆ ఏడుపు ఆగేదాకా కూర్చున్నాను.

ఇప్పుడు పిల్లలు కళ్ళు తెరిచేయి. పిల్లి వాటిని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఇది ఒక్క ఇల్లే తిప్పింది. ఒక ఉదయం చూస్తే బుట్ట ఖాళీ, మెడ పట్టుకుని రెండింటినీ వదిన ఇంటి అరుగు మీదకి మోసుకుపోయింది. నేను తిట్టుకుంటూ బుట్ట కూడా అక్కడికే మోసేను, గండుపిల్లి దూరకుండా చుట్టూ కొబ్బరిమట్టలు అడ్డంగా కట్టేను. ముద్ద కూడా అక్కడికే పట్టుకెళ్తున్నాను. శుక్రవారం ఫోనులో దుర్గ పిల్లి గురించి రెండు ముక్కలు అడిగి, “అత్తా, మళ్ళీ చెప్పు” అంటుంది. చెప్తాను. అవే మాటలు, అదే వరస. మొన్న జుట్టు సంగతి ముందు చెప్పేస్తే, “కాదత్తా, మరక ముందు, జుట్టు తరవాత” అని దిద్దింది. ఆయ్, వచ్చేసిందన్నమాట. నేను పోయినా ఫరవాలేదు.

నిన్న మధ్యాహ్నం వదిన అరుగు మీదే కూర్చుని ఈనెలు చీరుతున్నాను. పద్మ కాఫీ తెచ్చిచ్చి వెళ్ళిపోకుండా నా పక్కన కూలబడింది. ఆ శుక్రవారం సాయంత్రం నేను మల్లెతీగ దగ్గర నిలబడి పైకే అప్పచెప్పుకుంటుంటే విందట. ఇన్నాళ్ళూ అడగడానికి భయపడిందట. నా చేతిలోంచి ఒక ఆకు తీసుకుని, ఈనె చీరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“అత్తయ్యగారూ, మా పెద్ద ఆడపడుచుగారు ఎలా ఉండేవారండీ?”

పుట్టి ఏడవను కూడా ఏడవని బిడ్డని ఇన్నేళ్ళలో ఎవరూ అలా గారు పెట్టి అనలేదు. కత్తి పక్కన పెట్టేను. చేతులు కొంగుతో తుడుచుకున్నాను.

“ఆడపిల్ల,” అన్నాను. “నా రంగే.”